అన్నం, నూనె, నిద్ర: ఒక బాయిలర్ ఇంజనీరు లెక్క

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అరగంట మాట్లాడాలి, విషయం నీ ఇష్టం" అన్నారు. కరెంటు ఎలా తయారవుతుందో చెబుదామనుకున్నాను. పాతికేళ్ళకు పైగా థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ల దగ్గర బతికినవాణ్ణి, అంతకు మించి నాకు వచ్చిందేమీ లేదు. కానీ పోయిన వారం కార్యక్రమ పత్రం పంపించారు. అందులో శ్రద్ధాంజలి జాబితా ఉంది. మా బ్యాచ్ పేర్లు నాలుగు ఉన్నాయి. ఒకడు నా బెంచీవాడు. కబడ్డీలో మన బడి తరఫున కూతకు వెళ్ళేవాడు. యాభై ఒకటో ఏట గుండెపోటుతో పోయాడు. పోయేనాటికి కూడా చువ్వలా ఉండేవాడు. "ఇంత సన్నటి మనిషికి గుండెపోటు ఏమిట్రా!" అని ఆ రోజు అందరం అదే మాట అనుకున్నాం.

నేను డాక్టర్ని కాను. వాడి గుండెకు సరిగ్గా ఏం జరిగిందో చెప్పలేను. కానీ సన్నటి మనిషి లోపల ఏం జరగొచ్చో నాకు అప్పటికి ఐదేళ్ళ ముందే తెలుసు. నా రిపోర్టులోనే ఉంది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడికే కాదు, ఇంట్లోవాళ్ళకు కూడా సగమే చెప్పాను. ఇవాళ ఆ రిపోర్టు గురించి మాట్లాడతాను.

నా నలభై ఆరో ఏట, ఏటా ఉద్యోగులకు చేసే ఆరోగ్య పరీక్షలో వచ్చిన అంకెలు ఇవి. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. బీఎంఐ 23 లోపే. మనవాళ్ళకు 23 దాటితే అధిక బరువు అంటారు కాబట్టి అక్కడ పాసయ్యాను. తర్వాత చూడండి. నడుము 94 సెంటీమీటర్లు. ట్రైగ్లిసరైడ్లు 240. మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ 34. పరగడుపున షుగర్ 112. బీపీ 134, 86. 

మనదేశపు మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. ట్రైగ్లిసరైడ్లు 150 లోపు, హెచ్‌డీఎల్ మగవాళ్ళకు 40, ఆడవాళ్ళకు 50 పైన, పరగడుపు షుగర్ 100 లోపు, బీపీ 130, 85 లోపు ఉండాలి. ఈ ఐదింటిలో ఏ మూడు తప్పినా దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. నేను ఐదింటికి ఐదూ తప్పాను. ఈ బడిలో చదివిన పదేళ్ళలో ఒక్క సబ్జెక్టు తప్పనివాణ్ణి!

కడుపు స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. ఆ డాక్టరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. "మందు అలవాటుందా అండీ?" అని అడిగాడు. లేదన్నాను. నిజంగానే లేదు. అయినా ఆ ప్రశ్నకే సిగ్గేసి రిపోర్టు దాచేశాను. ఫ్యాటీ లివర్ అంటే తాగుబోతు అనుకుంటారని భయం. సన్నగా ఉన్నాను కదా, ఏమవుతుందిలే అని ధీమా. ఈ రెండూ కలిసి నా ఐదేళ్ళు తినేశాయి.

ఆ ధీమా ఎంత పొరపాటో ఒక ఫొటో చెబుతుంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పక్కపక్కన ఇద్దరు డాక్టర్లు నిలబడి ఉంటారు. ఒకరు పుణె కేఈఎం ఆసుపత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ యంత్రం మీద కొలిస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. తూకంలో కవలలు, లోపల మాత్రం ఒకరికి ఇంకొకరికంటే రెట్టింపు పైన కొవ్వు. యాజ్ఞిక్ గారి బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పసిబిడ్డల్ని కూడా కొలిచింది. బరువులో ఇంగ్లండు బిడ్డలకంటే చాలా తక్కువ. కండ తక్కువ, కొవ్వు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. అంటే ఈ సన్నటి లావు మనకు పుట్టుకతోనే మొదలవుతోంది.

ఇది అర్థం కావాలంటే మన ఇళ్ళలో ఉండే గాదెను గుర్తు చేసుకోండి. పంట చేతికొస్తే ధాన్యం గాదెలో పోస్తాం. చర్మం కింద ఉండే కొవ్వు అలాంటి గాదె. అది చెడ్డదేమీ కాదు, మిగులు దాచుకోవడానికే ఉంది. కొందరికి పెద్ద గాదె ఉంటుంది, ఎంత పోసినా పడుతుంది. మనలో చాలామందికి చిన్న గాదె. అది నిండాక బస్తాలు వసారాలోకి వస్తాయి, తర్వాత వంటింట్లోకి వస్తాయి. వంటింట్లో కాలు పెట్టే చోటు లేకపోతే వంట ఎలా సాగుతుంది? మన ఒంటికి వంటిల్లు కాలేయం. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో రాయ్ టేలర్ అనే ఆచార్యుడు చాలా ఏళ్ళు దీనిమీదే పనిచేశారు. కాలేయంలోనూ, క్లోమంలోనూ చేరకూడని కొవ్వు చేరడమే టైప్ 2 మధుమేహానికి మూలమని ఆయన చెబుతారు. ఎవరి గాదె ఎంతన్నది వాళ్ళ వాళ్ళ ఒంటిని బట్టి ఉంటుంది. పక్కవాడు 90 కిలోలున్నా బాగానే ఉండొచ్చు, నేను 66కే పొర్లిపోయాను.

మీలో చాలామందికి ఉన్న ఒక సందేహానికి ఇక్కడే జవాబు దొరుకుతుంది. "రాత్రి రెండు చపాతీలే తిన్నాను, పొద్దున్నే షుగర్ ఎందుకు ఎక్కువుంది?" అంటారు. రాత్రంతా మనం ఏమీ తినకపోయినా మెదడుకు గ్లూకోజు కావాలి కదా. దాన్ని కాలేయం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. చాలు, ఆపు అని ఇన్సులిన్ చెబితే ఆపాలి. కొవ్వు పట్టిన కాలేయానికి ఆ మాట సరిగా వినపడదు. వదులుతూనే ఉంటుంది. పరగడుపు షుగర్‌లో రాత్రి చపాతీల వాటా చాలా తక్కువ, కాలేయం వాటా ఎక్కువ.

ఇప్పుడు బాయిలర్ దగ్గరికి వద్దాం. 500 మెగావాట్ల యూనిట్ నిండు లోడు మీద గంటకు 300 టన్నులకు పైగా బొగ్గు తింటుంది. లోడు తగ్గితే ఆ క్షణమే బొగ్గు తగ్గించాలి. తగ్గించకపోతే ఆవిరి పీడనం పెరుగుతుంది, సేఫ్టీ వాల్వు లేస్తుంది. ఆ మోత నాలుగు ఊళ్ళకు వినపడుతుంది. మన ఒంట్లో కూడా అలాంటి వాల్వు ఒకటి ఉంది. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే మూత్రంలోకి పోవడం మొదలవుతుంది. కానీ అది లేచేసరికి లోపల ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. పైగా చప్పుడే ఉండదు.

మాస్టారు నేర్పిన హెచ్చవేత ఒకటి చేద్దాం. ఒంట్లో రక్తం 5 లీటర్లు అనుకోండి. షుగర్ 100 అంటే డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు. లీటరుకు 1 గ్రాము. మొత్తం 5 గ్రాములు. చెంచాడు పంచదార! మన రక్తం మొత్తంలో ఏ క్షణాన చూసినా ఉండాల్సిన చక్కెర అంతే. ఇప్పుడు కంచం దగ్గరికి రండి. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం. నాలుగు విడతలు కలిపి అర కిలో అన్నం తేలిగ్గా అవుతుంది. 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం 28 గ్రాములు. అర కిలోకు 140 గ్రాములు. అంటే రక్తంలో తిరిగే చక్కెరకు 28 రెట్లు ఒక్క పూటలో లోపలికి వస్తుంది. దాన్ని కొన్ని గంటల్లో ఎక్కడికో పంపించాలి. ఆ పని ఎక్కువగా కండరాలు చేస్తాయి. కండరాల్లో దాచుకునే చోటు 400 గ్రాముల దాకా, కాలేయంలో 100 గ్రాముల దాకా ఉంటుంది. పొద్దున్నుంచీ కుర్చీలో కూర్చుంటే నిన్నటి నిల్వే ఖర్చు కాలేదు. చోటేదీ? అప్పుడు కాలేయం ఆ మిగులులో కొంత కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. అవే ట్రైగ్లిసరైడ్లు. "నూనె పూర్తిగా మానేశాను, అయినా ట్రైగ్లిసరైడ్లు తగ్గలేదు" అనేవాళ్ళు ఒకసారి అన్నం, ఇడ్లీ, బిస్కెట్లు, టీలో పంచదార లెక్క చూసుకోండి.

అన్నాన్ని తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. మా తాతల కాలంలో ఈ మెట్ట ఊళ్ళల్లో వరి అన్నం పండగ నాడే. మిగతా రోజులు జొన్నన్నం, సజ్జ సంకటి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక చాలా ఇళ్ళల్లో పొయ్యి మీద రోజూ తెల్లన్నం ఉడికింది. కడుపునిండా అన్నం పెట్టడమంటే మన దగ్గర గౌరవం, ప్రేమ. మా అమ్మ ఇప్పటికీ "ఇంకొక్క ముద్ద" అంటుంది. ఆ ముద్దలో తప్పు లేదు. మా నాన్న అంతే తిన్నాడు, అంతకంటే ఎక్కువే తిన్నాడు. ఆయన నాగలి పట్టాడు, మోట తోలాడు, ఎరువు మోశాడు. నేను ఆయన కంచం తెచ్చుకున్నాను, ఆయన పని తెచ్చుకోలేదు. లోడు పడిపోయింది, బొగ్గు మాత్రం అంతే పడుతోంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు ఇచ్చింది. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలంది. వండక ముందు తూకం అది. బియ్యం, గోధుమలు, రవ్వ అన్నీ అందులోనే. పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదంది. మన కంచం చూసుకుంటే కూర నంజుడుకు, అన్నం కడుపుకు అన్నట్టు ఉంటుంది.

బియ్యం రకం మారిస్తే సరిపోతుందా అని అడుగుతారు. తెలంగాణ సోనా అనే ఆర్‌ఎన్ఆర్ 15048 రకానికి గ్లైసీమిక్ సూచిక దాదాపు 52. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. మనం ఇష్టంగా తినే సాంబ మసూరి కంటే అది మెల్లగా అరుగుతుంది. మంచిదే. కానీ మెల్లగా అరుగుతుంది కదా అని రెండు గరిటెలు ఎక్కువ పెట్టుకుంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. జొన్న రొట్టెలకూ, రాగి ముద్దకూ ఇదే సూత్రం.

ఇక నూనె, నెయ్యి. వీటి మీద మన వాట్సాప్ గ్రూపులో రోజూ యుద్ధం. ఒకరు నెయ్యి అమృతం అంటారు, ఇంకొకరు విషం అంటారు. తెలిసినంతలో చెబుతాను. గ్రాము పిండిపదార్థానికి 4 క్యాలరీలు, గ్రాము కొవ్వుకు 9. కాబట్టి చిన్న గాదెవాడికి నూనె లెక్క కూడా ముఖ్యమే. కొవ్వుల్లో సంతృప్త కొవ్వు ఎక్కువైతే చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. నేతిలో అది సగానికి పైనే, పామాయిల్‌లో దాదాపు సగం. వేరుశనగ నూనె, నువ్వుల నూనెల్లో చాలా తక్కువ. వేడన్నంలో చెంచాడు నెయ్యి వేసుకునేవాళ్ళను ఎవరూ తప్పుపట్టరు. గరిటెలతో పోసుకుంటూ అమృతం అంటేనే చిక్కు. అన్నిటికంటే చెడ్డవి ట్రాన్స్ కొవ్వులు. ఒకప్పటి వనస్పతిలో దండిగా ఉండేవి. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, వనస్పతుల్లో అవి 2 శాతం మించకూడదని నిబంధన వచ్చింది. కానీ అదే నూనెను మళ్ళీ మళ్ళీ మరిగించే బజ్జీల మూకుడు దగ్గర ఏ నూనె అయినా పాడవుతుంది.

నూనె వాడకం తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు, పచారీ చీటీ చాలు. పోషకాహార సంస్థ చెప్పింది మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు మూడు కిలోల పైచిలుకు, అంటే మూడున్నర లీటర్లు. మా ఇంట్లో చూస్తే ఏడు లీటర్లు వస్తోంది. మేము వేపుళ్ళే తినం అని మా ఇంటావిడ అప్పటిదాకా గట్టిగా నమ్మింది. నేనూ నమ్మాను. దోసె పెనం మీద ధార, తాలింపులో గరిటె, పచ్చడి మీద తేలే నూనె. ఇవేవీ వేపుడు కాదు కదా!

ఇప్పుడు మూడోది, నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది. నిద్ర.

నేను ఎన్నో ఏళ్ళు షిఫ్టుల్లో చేశాను. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కంట్రోల్ రూములో ఉండి, ఇంటికొచ్చి, కిటికీలోంచి ఎండ ముఖాన కొడుతుంటే నాలుగు గంటలు పడుకునేవాణ్ణి. అది నాకు గొప్పగా ఉండేది. "నాకు నాలుగు గంటలు చాలు" అని చెప్పుకునేవాణ్ణి. తెల్లవారుజామున రెండింటికి ఆకలేస్తే టీ, మిక్చరు, దొరికితే పునుగులు. 

1999లో షికాగో విశ్వవిద్యాలయంలో 11 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళను ఆరు రాత్రుల పాటు రోజుకు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. తర్వాత గ్లూకోజు ఇచ్చి పరీక్షించారు. బాగా నిద్రపోయాక చేసిన పరీక్షతో పోలిస్తే రక్తంలోంచి గ్లూకోజు తొలగిపోయే వేగం 40 శాతం తగ్గింది. తిండి మారలేదు, బరువు మారలేదు. ఆరు రాత్రులంతే. 2004లో అదే బృందం ఇంకొక పరీక్ష చేసింది. రెండు రాత్రులు నిద్ర తగ్గిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్ళకు ముఖ్యంగా తీపి, ఉప్పు చిరుతిళ్ళ మీదకు, అన్నం రొట్టెల వంటి వాటి మీదకు మనసు పోయింది. నా రెండింటి పునుగులకు కారణం అదన్నమాట. 2010లో వచ్చిన మూడో పరీక్షలో కొందరికి తిండి తగ్గించి బరువు తగ్గించారు. ఒకసారి ఎనిమిదిన్నర గంటలు, మరోసారి ఐదున్నర గంటలు పడుకోనిచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు దాదాపు ఒకటే. కానీ నిద్ర తక్కువైనప్పుడు పోయిన బరువులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది. కొవ్వు ఉండిపోయి, కండ కరిగింది. మనకు కావాల్సిన దానికి సరిగ్గా తిరగేసి! ఇవి కొద్దిమంది మీద చేసిన పరీక్షలే, నిజం. కానీ ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టుల్లో చేసే నర్సుల్లో మధుమేహం ఎక్కువని వేలమంది మీద చేసిన పరిశీలనలు కూడా అటే చూపిస్తున్నాయి.

ఇంకొక్క మాట. గట్టిగా గురక పెడితే గాఢ నిద్ర అని మనం నవ్వుకుంటాం. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్ళీ మొదలైతే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోనట్టే. బీపీ, షుగర్ రెండూ లొంగవు. దానికి వైద్యం ఉంది. పక్కన పడుకునేవాళ్ళే దాన్ని గమనించగలరు, కాబట్టి ఇంట్లోవాళ్ళు చెబితే కోప్పడకండి.

మా లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. అర్ధరాత్రి దీపం వెలిగే ఇంట్లోంచే ఇంజనీరు వస్తాడని మాకు చెప్పేవారు. నిద్ర వస్తే కళ్ళ మీద నీళ్ళు కొట్టుకోమనేవారు. మాస్టారూ, మీ మాట నమ్మే ఇంజనీరునయ్యాను, ఆ ఋణం తీరేది కాదు. కానీ నిద్రంటే బద్ధకమని నాలో నాటుకున్న మాటను యాభై ఏళ్ళకు వదులుకోవాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మేము పెద్దగా మేలుకోనూ లేదు. రాత్రి తొమ్మిదికి కరెంటు పోయేది, ఆరుబయట మంచాల మీద పడి నిద్రపోయేవాళ్ళం. కరెంటు లేకపోవడమే మాకు కలిసొచ్చింది. ఆ తర్వాత ఇరవై నాలుగు గంటల కరెంటు తయారు చేసి మీ అందరి నిద్ర చెడగొట్టిన పాపంలో నాకూ వాటా ఉంది.

బెంచీవాడు పోయిన నెల తర్వాత బీరువా తెరిచాను. మళ్ళీ పరీక్షలు చేయించుకున్నాను. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.4 వచ్చింది. 6.5 అయితే మధుమేహం. అంచు మీద నిలబడి ఉన్నాను. అదే కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్ళి ఐదేళ్ళు దాచానని చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఇప్పుడైనా వచ్చారు" అన్నాడు.

చేసింది పెద్దగా ఏమీ లేదు. అన్నం గిన్నెతో కొలిచి, ఉన్నదాంట్లో సగం చేశాను. ఆ చోటులో కూర, పప్పు, గుడ్డు, పెరుగు పెంచాను. కంచంలో ముందు కూరా పప్పూ తిని, అన్నం చివరికి ఉంచాను. అదే భోజనాన్ని ఈ వరసలో తింటే షుగర్ తక్కువ ఎగురుతుందని న్యూయార్క్‌లో చేసిన ఒక చిన్న పరీక్షలో చూపించారు. తిన్న వెంటనే కూర్చోకుండా పావుగంట నడిచాను. వారానికి మూడు రోజులు బరువులెత్తాను, నీళ్ళు నింపిన ఐదు లీటర్ల నూనె డబ్బాలతోనే. గ్లూకోజును లాక్కునేది కండ కాబట్టి కండ కావాలి. షిఫ్టుల్లోంచి పగటి పనికి మార్చమని పై అధికారిని అడిగాను. అలవెన్సు పోయింది, బాధపడ్డాను. రాత్రి ఎనిమిదికల్లా భోజనం, పదిన్నరకల్లా పడక. ఫోను హాల్లో.

పద్నాలుగు నెలలు పట్టింది. మధ్యలో సంక్రాంతికి అరిసెల ముందు ఓడిపోయాను, అక్క కూతురి పెళ్ళిలో ఓడిపోయాను. అయినా నడుము 94 నుంచి 86కు వచ్చింది. బరువు ఆరు కిలోలు తగ్గింది. ట్రైగ్లిసరైడ్లు 138, పరగడుపు షుగర్ 98, హెచ్‌బీఏ1సీ 5.7. హెచ్‌డీఎల్ మాత్రం 39 దగ్గరే ఆగింది. బీపీ మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను. అన్నీ తిరిగి రాలేదని కూడా చెప్పాలి కదా.

ఇది నా ఒక్కడి అదృష్టం కాదు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మధుమేహానికి ముందు దశలో ఉన్న 531 మందిని సుమారు రెండున్నరేళ్ళు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో మధుమేహం రాక 28.5 శాతం తగ్గింది. మనలాంటివాళ్ళే వాళ్ళు, మనలాంటి తిండే. ఇప్పటికే మధుమేహం వచ్చినవాళ్ళకు కూడా దారి ఉంది. బ్రిటన్‌లో 2017లో ప్రకటించిన డైరెక్ట్ పరీక్షలో, జబ్బు వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళు వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గితే, ఏడాదికల్లా వందలో 46 మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది.

ఒక్క హెచ్చరిక. ఇన్సులిన్ గానీ, షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవాళ్ళు నా మాట విని రేపటినుంచే అన్నం సగం చేయకండి. షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. మీ డాక్టరుతో చెప్పి, మందు మోతాదు చూసుకుని తగ్గించండి.

అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట. మన ఇళ్ళల్లో అందరికంటే ముందు లేచేది మీరు, చివర పడుకునేది మీరు. అందరూ తిన్నాక కూర అయిపోతే అడుగున మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకుని తినేదీ మీరే. నిద్రా కూరా రెండూ మీ దగ్గరే తగ్గుతున్నాయి. ఇక్కడున్న మగవాళ్ళం పొద్దున పాలు మనమే కాచి, వాళ్ళను ఒక గంట ఎక్కువ పడుకోనివ్వగలం. అది పెద్ద ఇంజనీరింగ్ ఏమీ కాదు.

సంఘం పెద్దలకు రెండు విన్నపాలు. మనం ఏటా పెట్టే వైద్య శిబిరంలో బరువు తూచే యంత్రంతో పాటు ఒక టేపు పెట్టండి. పది రూపాయల టేపు. బరువు చూసి పంపేస్తే నాలాంటివాళ్ళు తప్పించుకుంటారు. రెండోది పిల్లల గురించి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మనం ఉపకార వేతనాలిచ్చి పంపే పిల్లలు ఎన్నో హాస్టళ్ళలో రాత్రి పదకొండుకు పడుకుని, నాలుగున్నరకు లేస్తున్నారు. ఐదున్నర గంటలు. పరీక్షకు ర్యాంకు వస్తుంది సరే, వాళ్ళ నలభై ఆరో ఏట రిపోర్టు మనం చూడాలి కదా. ఆ కాలేజీలతో మాట్లాడేటప్పుడు ఫీజు రాయితీతో పాటు నిద్ర గంటలు కూడా అడుగుదాం. మన మాస్టార్లు అడిగితే వాళ్ళు కాదనలేరు.

ఆఖరుగా, భోజనాల పిలుపు వచ్చేలోపు. ఇవాళ వడ్డనలో పులిహోర, బొబ్బట్లు ఉన్నాయని వాసన చెబుతోంది. తినొద్దని నేననను, నేనూ తింటాను. మన విందుల్లో తీపితో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇవాళ ఒక్కరోజు కూరతో మొదలుపెట్టి బొబ్బట్టును చివరికి ఉంచండి. తిన్నాక కుర్చీలు వెతుక్కోకుండా పదో తరగతి గది దాకా నడిచొద్దాం. మా బెంచీ ఇంకా అక్కడే ఉందట.

నా జేబులో దర్జీ టేపు ఒకటి ఉంది. చేతులు కడుక్కునే చోట నిలబడతాను. ఆడవాళ్ళకు సైన్సు టీచరు గారి దగ్గర ఇంకొకటి ఇచ్చాను. పొట్ట లోపలికి లాగొద్దు, ఊపిరి వదిలాక బొడ్డు దగ్గర కొలవాలి. మొహమాటపడేవాళ్ళ కోసం ముందు నా నడుమే కొలిచి చూపిస్తాను. నా రిపోర్టు కూడా తెచ్చాను. ఎవరైనా చూడొచ్చు.